గుడిని అలా ఎందుకు కట్టారు? మన శిల్పాలు, కట్టడాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా ఏళ్ళుగా కాలేజీ పిల్లల్నీ, రిటైరైన పెద్దవాళ్ళనీ వెంటబెట్టుకుని గుళ్ళూ స్తూపాలూ మ్యూజియాలూ తిప్పుతున్నాను. బస్సు దిగిన దగ్గర్నుంచి మళ్ళీ ఎక్కేదాకా ప్రశ్నలే. వాటిలో పదే పదే వచ్చేవి ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ కట్టడాల్ని ఎదురుగా నిలబడి చూసి వెళ్ళిపోవడానికి కట్టలేదు. నడవడానికి, వంగడానికి, చుట్టూ తిరగడానికి కట్టారు. కింది జవాబుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

గర్భగుడి ఎందుకంత చీకటిగా ఉంటుంది? కిటికీలు పెట్టడం రాకనా?

రాకేం, బాగా వచ్చు. పాత గుళ్ళలో మండపాల గోడలు చూడండి, రాతిని జల్లెడలా తొలిచి గవాక్షాలు పెట్టారు. గర్భగుడికి మాత్రం కావాలనే పెట్టలేదు.

పేరులోనే జవాబుంది. గర్భం అంటే కడుపు. ప్రాణం రూపం కట్టుకునేది చీకట్లోనే. ఉపనిషత్తులు కూడా పరమాత్మని ఎక్కడో మేఘాల పైన వెతకమనలేదు, హృదయమనే గుహలో ఉన్నాడన్నాయి. ఆ గుహనే రాతితో కట్టారు.

ఈసారి గుడికి వెళ్ళినప్పుడు మీ కళ్ళనీ కాళ్ళనీ కాస్త గమనించుకోండి. వీధిలో ఎండ, రద్దీ, కొబ్బరికాయల బేరాలు. గోపురం దాటితే ప్రాకారం, అక్కడ ఇంకా ఎండే కానీ చప్పుడు తగ్గుతుంది. మండపంలోకి వస్తే స్తంభాల నీడలు. మండపానికీ గర్భగుడికీ మధ్యనున్న అంతరాళం దగ్గర గోడలు దగ్గరవుతాయి, కప్పు కిందికి దిగుతుంది. గడప దగ్గర తల వంచాల్సిందే. ఎదురుగా చూస్తే మొదట ఏమీ కనపడదు. కంటికి చీకటి అలవాటయ్యేసరికి పూజారిగారు హారతి ఎత్తుతారు. ముందు పాదాలు, తర్వాత నడుము మీద ఆనిన చెయ్యి, ఆ తర్వాత ముఖం. వెలుగు కదిలినంత మేరే స్వామి కనిపిస్తాడు. దర్శనం అనే మాట బరువు అక్కడ తెలుస్తుంది. బయటి ప్రపంచం నుంచి లోపలికి చేసే ప్రయాణం గురించి మన తత్వవేత్తలు వందల పేజీలు రాశారు. గుడి కట్టే స్థపతి అదే సంగతిని యాభై అడుగుల నడకలో పెట్టాడు.

అందుకే కొన్ని గుళ్ళలో గర్భగుడి లోపల ట్యూబులైట్లు వెలుగుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. భక్తులకి బాగా కనపడాలనే పెడతారు, ఉద్దేశం మంచిదే. కానీ అంత వెలుతురులో హారతికి పనే లేకుండా పోతుంది.

గుడిని మనిషి శరీరంతో పోలుస్తారు. అది వర్ణనా, నిజంగా ప్లానేనా?

ప్లానే. గుడి భాగాల పేర్లు వినండి: పాదం, జంఘ, గ్రీవం, శిఖరం. కాలు, పిక్క, మెడ, తల. శరీరమే దేవాలయం అన్న మాట మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అంటూనే ఉంటారు. శిల్పులు దాన్ని తిరగేసి దేవాలయాన్నే శరీరం చేశారు.

కట్టడానికి ముందు నేల మీద ఒక చదరం గీస్తారు. దాన్ని 64 గళ్ళుగానో 81 గళ్ళుగానో విడదీస్తారు. అదే వాస్తుపురుష మండలం. ఈశాన్యంలో తల పెట్టుకుని బోర్లా పడుకున్న వాస్తుపురుషుడి మీద ఒక్కో గడిలో ఒక్కో దేవత కూర్చున్నట్టు భావిస్తారు. నట్టనడిమి గళ్ళు బ్రహ్మవి. ఈ లెక్కలు 6వ శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలోనే కనిపిస్తాయి. అదుపులేని శక్తిని దేవతలందరూ కలిసి నేలకి అదిమిపట్టి, ఒక క్రమంలో నిలబెట్టారన్నది కథ. గజిబిజిగా ఉన్నదాన్ని ఒక కొలతలోకి తీసుకురావడమే కట్టడం అన్నది దాని వెనకున్న ఆలోచన. ఇవాళ ఇంటి వాస్తు అంటే తలుపు ఏ వైపు, బావి ఏ మూల అన్న టెన్షనే మిగిలింది గానీ, అసలు మండలం చెప్పేది మధ్య భాగం గురించి.

స్తూపం లోపల ఏముంటుంది? లోపలికి దారెందుకు ఉండదు?

ధాతువులుంటాయి. అంటే బుద్ధుడివో గొప్ప భిక్షువులవో అస్థికల్లాంటి అవశేషాలు, చిన్న భరిణెలో. మిగతాదంతా ఇటుక, మట్టి. నాగార్జునకొండలో కొన్ని స్తూపాల పునాదుల్ని బండి చక్రంలా, మధ్యలో ఇరుసు, చుట్టూ ఆకులుగా కట్టారు. కట్టడం పూర్తయ్యాక ఆ చక్రం ఎవరికీ కనపడదు. అయినా కట్టారు. ధర్మచక్రం కంటికి కనపడకపోయినా ఆధారంగా ఉండాలన్నమాట.

లోపలికి దారి లేదు కాబట్టి మిగిలింది చుట్టూ తిరగడమే. కుడిచేతి వైపు స్తూపాన్ని ఉంచుకుని, చుట్టూ ఉన్న రాతి కంచె లోపలి బాటలో నడుస్తుంటే బుద్ధుడి పూర్వజన్మల జాతక కథలు, ఆయన జీవిత ఘట్టాలు ఒకదాని తర్వాత ఒకటి ఎదురవుతాయి. చదువు రానివాడు కూడా నడుస్తూ నడుస్తూ ఒక జీవితం మొత్తం తెలుసుకుంటాడు. గుళ్ళో ప్రదక్షిణకీ ఇదే పద్ధతి.

అమరావతి మహాచైత్యానికి, అంటే అక్కడి పెద్ద స్తూపానికి, మరో ప్రత్యేకత ఉంది. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన అరుగుల మీద అయిదేసి ఆయక స్తంభాలు ఉండేవి. అవి ఏ బరువూ మోయవు, ఏ కప్పుకీ ఆధారం కావు. జననం, మహాభినిష్క్రమణం (ఇల్లు విడిచి వెళ్ళడం), సంబోధి (జ్ఞానోదయం), మొదటి ధర్మోపదేశం, మహాపరినిర్వాణం అనే అయిదు ఘట్టాలకి గుర్తుగా అలా నిలబడి ఉంటాయి, అంతే. ముఖ్యంగా ఆంధ్రదేశపు స్తూపాల్లో కనిపించే గుర్తు ఇది.

అమరావతి శిల్పాల్లో కొన్నిచోట్ల బుద్ధుడే ఉండడు. ఎందుకు?

ఈ ప్రశ్నని నేను మొదటిసారి ఒక ఏడో తరగతి పిల్లవాడి నోట విన్నాను. మ్యూజియంలో ఒక పలక ముందు ఆగాడు. జనమంతా చేతులు జోడించి ఒక ఖాళీ పీఠం వైపు చూస్తున్నారు. పీఠం మీద మెత్త, కింద రెండు పాదముద్రలు, వెనక చెట్టు. "సార్, ఆయన లేచి వెళ్ళిపోయాడా?" అన్నాడు. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. తొలికాలపు శిల్పుల దృష్టిలో నిర్వాణం పొందినవాడు తిరిగి రాని చోటికి వెళ్ళిపోయినవాడు. అలాంటివాడికి మళ్ళీ ముక్కూ ముఖమూ ఇవ్వడం కన్నా, ఆయన కూర్చున్న చోటునీ నడిచిన గుర్తునీ చూపించడం సబబనిపించింది. బోధివృక్షం జ్ఞానోదయానికి, చక్రం మొదటి బోధకి, స్తూపం పరినిర్వాణానికి గుర్తులయ్యాయి.

కొందరు ఈ ఖాళీ పీఠాన్ని ఆచార్య నాగార్జునుడి శూన్యవాదంతో ముడిపెడతారు. అలా కలపకండి. సాంచీ, భర్హుత్ లాంటి చోట్ల ఈ పద్ధతి నాగార్జునుడికి చాలా ముందే ఉంది. తర్వాతి కాలంలో అమరావతిలోనే బుద్ధుడు మనిషి రూపంలో కూడా కనిపిస్తాడు. మదపుటేనుగు నలగిరి వీధుల్లో జనాన్ని తొక్కుకుంటూ వచ్చి ఆయన ముందు మోకరిల్లే గుండ్రటి ఫలకం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఒకే రాయిలో ఏనుగు రెండుసార్లు ఉంటుంది: ఒకచోట కోపంగా, పక్కనే శాంతంగా. మేడమీద కిటికీల్లోంచి ఆడవాళ్ళు భయంభయంగా తొంగిచూస్తుంటారు. దాని ముందు నేను గంటసేపు నిలబడ్డ రోజులున్నాయి.

ఇవన్నీ రాజులు డబ్బిచ్చి కట్టించినవే కదా?

అందరూ అలా అనుకుంటారు. అమరావతి శాసనాల్లో వర్తకులు, గృహిణులు, భిక్షుణులు దాతలుగా కనిపిస్తారు. విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన పలక దానమిచ్చాడు. నిండు కుండలోంచి తామరలు పైకి పొంగే బొమ్మ అది. 2018లో ఆంధ్రప్రదేశ్ తీసుకున్న కొత్త రాజముద్రకి మూలం అమరావతి శిల్పంలోని ఈ పూర్ణఘటమే. సాంచీ దక్షిణ తోరణం మీద విదిశ దంతపు పనివాళ్ళు చెక్కారని వాళ్ళే రాసుకున్నారు. ఆ తోరణం దగ్గర చూస్తే రాతిపనిలో దంతపు పని నైపుణ్యం తెలిసిపోతుంది.

దానం చేస్తే పుణ్యం, ఆ పుణ్యంలో అమ్మానాన్నలకీ సకల జీవులకీ భాగం పంచొచ్చు అన్న నమ్మకం లేకపోతే ఇంత రాయి ఒకచోట చేరేది కాదు.

బౌద్ధ చైత్యాలు తర్వాత గుళ్ళయ్యాయంటారు. ఆనవాళ్ళు ఏమైనా ఉన్నాయా?

పల్నాడులో చేజెర్ల వెళ్ళండి. అక్కడి కపోతేశ్వరాలయం వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. గజపృష్ఠం అంటారు. అది బౌద్ధ చైత్యగృహం, అంటే లోపల స్తూపం ఉండే ప్రార్థనా మందిరం ఆకారం. స్థలపురాణం ఏమిటంటే, డేగ తరుముకొచ్చిన పావురాన్ని కాపాడటానికి శిబి చక్రవర్తి తన ఒంటి మాంసం కోసిచ్చాడు, ఆ కపోతం, అంటే పావురం, పేరు మీద వెలసిన శివుడే కపోతేశ్వరుడు. ఇదే శిబి కథ బౌద్ధుల జాతకాల్లో కూడా ఉంది. నాగార్జునకొండ శిల్పుల చేతిలో ఎంతో చక్కగా రూపుకట్టింది కూడా. పేరు మారింది, పూజ మారింది, త్యాగం కథ మాత్రం అక్కడే ఉండిపోయింది.

తిరుపతి దగ్గర గుడిమల్లం గుడి విమానం కూడా గజపృష్ఠమే. లోపలున్న లింగం మన దేశంలో దొరికిన అతి పాతవాటిలో ఒకటి. లింగం ముందుభాగంలో వేటగాడి వాలకంతో శివుడు నిలబడి ఉంటాడు. రూపం లేనిదీ రూపం ఉన్నదీ ఒకే రాతిలో. దీన్ని చూశాక నిర్గుణం, సగుణం అన్న మాటలు నాకు పుస్తకాల్లో మాటల్లా అనిపించడం మానేశాయి.

శిల్పి తన ఇష్టం వచ్చినట్టు చెక్కొచ్చా, అంతా శాస్త్రమేనా?

మూలమూర్తి దగ్గర స్వేచ్ఛ చాలా తక్కువ. ప్రతి దేవతకీ ఒక ధ్యానశ్లోకం ఉంటుంది: ఎన్ని చేతులు, దేంట్లో ఏముంది, కాలు ఎలా మడిచింది, ముఖంలో ఏ భావం. శిల్పి ముందు దాన్ని మనసులో నిలుపుకుంటాడు, తర్వాత రాతి మీద గీస్తాడు. కొలతలకి తాళమానం. తాళం అంటే విగ్రహం ముఖం పొడవు, దాన్ని 12 అంగుళాలుగా విడదీస్తారు. ఇది మన స్కేలు మీది అంగుళం కాదు, ఆ విగ్రహానికి సంబంధించిన అంగుళం. అందుకే అరచేతి అంత బొమ్మయినా, ఆకాశమంత బొమ్మయినా పొందిక ఒకటే. నవతాళమంటే మొత్తం 108 అంగుళాలు. పెద్ద దేవతలకి దశతాళం, వినాయకుడికి పంచతాళం. పొట్టిగా బొద్దుగా ముద్దొచ్చేలా ఉండటం ఆ లెక్కలోనే ఉంది.

చివరికి కళ్ళు. వాటిని అన్నిటికన్నా ఆఖర్న తెరుస్తారు, నయనోన్మీలనం అంటారు. అప్పటిదాకా అది రాయి. ఆ తర్వాత దాని ముందు మాట్లాడే తీరే మారిపోతుంది.

గోడల మీదికొస్తే శిల్పికి చెయ్యి వదిలేశారు. గోడలోని గూడులో, అంటే దేవకోష్ఠంలో, దక్షిణామూర్తి శాస్త్ర ప్రకారమే ఉంటాడు. పక్క పట్టీలో మాత్రం కోతులు కొబ్బరికాయలు లాక్కుంటాయి, కుస్తీవాళ్ళు పట్టు పడతారు, ఒక అమ్మాయి కాల్లో ముల్లు తీసుకుంటూ ఉంటుంది. ఆ ముల్లు తీసుకునే అమ్మాయి ఎదురైన ప్రతిసారీ నేను ఆగిపోతాను.

మరి శిల్పులు తమ పేర్లు ఎందుకు రాసుకోలేదు?

కొందరు రాసుకున్నారు. పట్టదకల్ విరూపాక్షాలయం కట్టిన గుండ అనివారితాచారి అనే స్థపతికి బిరుదిచ్చి శాసనంలో పొగిడారు. హొయసల గుళ్ళలో మల్లితమ్మ తన శిల్పాల కింద పేరు చెక్కుకున్నాడు. మన ములుగు జిల్లా పాలంపేటలో ఉన్నది రుద్రేశ్వరుడి గుడి, కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, 1213లో. కానీ జనం ఇప్పటికీ దాన్ని రామప్ప అనే పిలుస్తారు. రామప్ప శిల్పి పేరని మనవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

ఎక్కువమంది రాసుకోలేదన్నది నిజమే. చేసిన పని ఫలం స్వామికే అన్న భావం ఒకటి. తండ్రి మొదలుపెట్టింది కొడుకు ముగించే పని కావడం ఇంకొకటి. ఎల్లోరా కైలాసాన్నే తీసుకోండి. కొండని పైనుంచి కిందికి తొలుచుకుంటూ వచ్చిన ఆ గుడి మీద ఎవరి పేరు రాస్తారు?

బొమ్మ చెక్కడానికి సంగీతం, నాట్యం తెలియాలా?

విష్ణుధర్మోత్తర పురాణంలో ఒక ముచ్చట ఉంది. వజ్రుడనే రాజు మార్కండేయ మహర్షి దగ్గరికెళ్ళి విగ్రహాలు చేయడం నేర్పమన్నాడు. చిత్రం తెలియకుండా శిల్పం రాదన్నాడు మహర్షి. అయితే చిత్రం నేర్పండి అన్నాడు రాజు. నాట్యం తెలియకుండా చిత్రం రాదు. నాట్యానికి వాద్యం కావాలి, వాద్యానికి గానం. రాయి కొట్టడం నేర్చుకుందామని వెళ్ళినవాడు చివరికి పాట దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చింది.

రామప్ప దీనికి సాక్ష్యం. రంగమండపం స్తంభాల మీద, చూరు కింద మదనికలనే నల్లరాతి ఆడబొమ్మల్లో నడుము తిరిగిన తీరు, పాదం మోపిన తీరు నాట్యం తెలిసిన చేతికి తప్ప రావు. ఆ రోజుల్లోనే కాకతీయుల గజసేనాని జాయప నృత్తరత్నావళి రాశాడు. ఏడు వందల ఏళ్ళ తర్వాత నటరాజ రామకృష్ణగారు ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాల్నీ కలిపి చదివి పేరిణి నృత్యాన్ని మళ్ళీ బతికించారు. నాట్యం చూసి చెక్కిన రాయి, నాట్యం ఆగిపోయాక దాన్ని మళ్ళీ మనుషులకి నేర్పింది. ప్రపంచ వారసత్వ జాబితాలో 2021లో చేరిన ఈ గుడిలో నాకు అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే.

నటరాజ విగ్రహానికి అర్థం ఏమిటి?

శైవం చెప్పే అయిదు పనులూ ఒకే భంగిమలో ఉన్నాయి. డమరుకం సృష్టి. అభయహస్తం స్థితి. ఎడమచేతిలో నిప్పు లయం. నేలకి ఆనిన కాలు తిరోధానం, అంటే సత్యాన్ని మరుగుపరచడం. ఎత్తిన కాలు అనుగ్రహం. అడ్డంగా వచ్చిన నాలుగో చెయ్యి ఏనుగు తొండంలా వంగి ఆ ఎత్తిన పాదాన్నే చూపిస్తుంది, ఇక్కడ పట్టుకో అన్నట్టు.

కాలి కింద ఉన్నది అపస్మారుడు, మరపు, అజ్ఞానం. గమనించండి, శివుడు అతన్ని చంపలేదు. తొక్కిపెట్టి ఉంచాడు.

గుళ్ళ గోడల మీద శృంగార శిల్పాలు ఎందుకున్నాయి?

కుటుంబంతో వచ్చినవాళ్ళు నన్ను పక్కకి పిలిచి అడిగే ప్రశ్న. ధర్మార్థకామమోక్షాల్లో కామం కూడా ఒకటి, దాచాల్సినది కాదు. జంట బొమ్మ మంగళకరమని, సంతానానికి సంపదకి గుర్తని ద్వారబంధాల మీద మిథునాల్ని చెక్కడం చాలా పాత ఆచారం. కొన్నిచోట్ల తాంత్రిక సంప్రదాయాల ప్రభావం ఉంది. ఇదొక్కటే కారణం అని గట్టిగా చెప్పే గైడ్‌ని మాత్రం నమ్మకండి.

ఎక్కువ గుళ్ళలో ఇవి బయటి గోడల మీదే కనిపిస్తాయి. లోపలికి వెళ్ళేకొద్దీ బొమ్మలు తగ్గుతాయి, గర్భగుడి గోడలు నున్నగా ఉంటాయి.

లేపాక్షి వేలాడే స్తంభం, రామప్ప తేలే ఇటుకలు: ఇవి మహిమలా?

నైపుణ్యం. రామప్ప శిఖరానికి వాడిన ఇటుకల్లో సన్నటి రంధ్రాలు నిండి ఉంటాయి కాబట్టి నీళ్ళలో తేలేంత తేలిక. పైబరువు తగ్గించడానికి వాడారు. పునాదిలో ఇసుక నింపారు. లేపాక్షిలో ఆ స్తంభం అడుగు నేలని పూర్తిగా తాకదు, కింద గుడ్డ దూర్చి ఇవతలినుంచి అవతలికి లాగొచ్చు. అందరూ అదే చేసి, ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. తల పైకెత్తితే 16వ శతాబ్దపు రంగులు ఇంకా కప్పు మీద ఉన్నాయి. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, ఆనాటి ఆడవాళ్ళ చీరల అంచులు, మగవాళ్ళ పొడవాటి కుళ్ళాయిలు. దయచేసి ఓ పావుగంట పైకి చూడండి.

అద్వైతం, విశిష్టాద్వైతం, జైనం లాంటి దర్శనాల తేడాలు కట్టడంలో తెలుస్తాయా?

కొన్నిచోట్ల స్పష్టంగా తెలుస్తాయి. చిదంబరంలో తెర తొలగిస్తే వెనక విగ్రహం ఉండదు, బంగారు బిల్వదళాల మాలలు వేలాడుతుంటాయి. ఆకాశమే లింగం. రూపం లేనిదాన్ని పూజించడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తోచదు.

విశిష్టాద్వైతం నమ్మే శ్రీవైష్ణవుల పద్ధతి వేరు. వాళ్ళకి విగ్రహం గుర్తు కాదు, స్వామి దిగివచ్చిన అర్చావతారం. అందుకే సుప్రభాతం, తిరుమంజనం (స్నానం), ఊంజల్ (ఉయ్యాల), పవళింపు సేవ. గుడి ఒక ఇల్లు, అందులో ఇంటాయన ఉన్నాడు. కొలువు మండపం, కల్యాణ మండపం, వంటశాల, ఊరేగింపు రథం, ఇవన్నీ ఆ నమ్మకంలోంచి పుట్టిన కట్టడాలే.

ఇక జైనం. శ్రవణబెళగొళలో సుమారు 57 అడుగుల బాహుబలి నిలబడే ధ్యానం చేస్తున్నాడు. కాళ్ళని, చేతుల్ని తీగలు అల్లుకున్నాయి, పాదాల దగ్గర పుట్టలు లేచాయి. ఆయనకి తెలియదు. వైరాగ్యం గురించి ఎన్ని ప్రవచనాలు విన్నా ఆ తీగ చెప్పినంత సూటిగా చెప్పలేవు.

చార్మినార్, తాజ్‌మహల్ కూడా ఈ సంప్రదాయంలోకి వస్తాయా?

వస్తాయి. ఇస్లాం ప్రార్థనాస్థలంలో ప్రాణుల రూపాలు వద్దంది. దాంతో అందమంతా అక్షరాల్లోకి, లతల్లోకి, జ్యామితిలోకి మళ్ళింది. తాజ్ ముందున్న తోటని నాలుగు కాలువలు నాలుగు భాగాలు చేస్తాయి. అది స్వర్గవనం ఊహ. గుమ్మటం నెత్తిన మాత్రం బోర్లించిన తామర, దాని మీద కలశం. గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు కూడా తామర రేకుల్లోంచే పైకి లేస్తాయి. చెక్కిన చేతులు ఈ నేలవే కదా. తెలంగాణ రాజముద్రలో 1591 నాటి చార్మినార్ ఓరుగల్లు కాకతీయ కళాతోరణం లోపలే నిలబడి ఉంది.

అమృత్‌సర్ హర్‌మందిర్ సాహిబ్‌కి నాలుగు ద్వారాలు, ఎటువైపు నుంచి ఎవరైనా రావచ్చని. అక్కడ మెట్లు ఎక్కరు, దిగుతారు.

విగ్రహం పాతబడితే, విరిగితే ఏం చేస్తారు?

విరిగితే పూజ ఆపి, విధిప్రకారం నీళ్ళలో కలుపుతారు. మరమ్మతు అయితే స్వామి శక్తిని కలశంలోకి తీసుకుని బాలాలయంలో, అంటే తాత్కాలిక గుడిలో, ఉంచుతారు. మూలమూర్తిని పీఠానికి పట్టి ఉంచే ముద్దని అష్టబంధనం అంటారు, ఎనిమిది పదార్థాలు కలిపి చేస్తారు. తిరుమలలో 12 ఏళ్ళకోసారి జరిగే ఈ కార్యం 2018 ఆగస్టులో జరిగింది.

పూరీలో ఇంకా ఆశ్చర్యం. జగన్నాథుడిది చెక్క విగ్రహం. అధిక ఆషాఢం వచ్చిన కొన్ని సంవత్సరాల్లో కొత్త వేపదుంగతో విగ్రహం చేసి, పాతదాని లోపలి బ్రహ్మపదార్థాన్ని కొత్తదాంట్లోకి మారుస్తారు. నవకళేబరం. 2015లో అలాగే జరిగింది. పాత బట్ట విడిచి కొత్త బట్ట కట్టుకున్నట్టు ఆత్మ దేహాన్ని మారుస్తుందన్న గీతా వాక్యం అక్కడ దేవుడికే వర్తించింది.

మన ఇంటి ముందూ ఇదే ఉంది. మా అమ్మ రోజూ తెల్లవారుజామున కళ్ళాపి చల్లి, చుక్కలు పెట్టి, మెలికల ముగ్గు వేసేది. వరిపిండి కాబట్టి ఎనిమిదింటికల్లా చీమలు, పదింటికల్లా పిచ్చుకలు. మధ్యాహ్నానికి ముగ్గు ఉండేది కాదు. ఎప్పుడూ బాధపడలేదు. చీమలకి పెట్టడం కూడా ముగ్గులో భాగమే అనేది. బతుకమ్మ, మట్టి వినాయకుడు కూడా ఇంతే. ఎంత శ్రద్ధగా చేస్తామో అంత శ్రద్ధగా నీళ్ళలో వదులుతాం.

కలంకారీ లాంటి పనుల్లో కూడా తత్వం ఉందా, అది చేతివృత్తే కదా?

శ్రీకాళహస్తిలో ఒక పెద్దాయన పక్కన కూర్చుని సగం రోజు చూశాను. నూలు బట్టని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టారు, గదంతా పాలవాసన. చింతబరికె బొగ్గుతో రూపురేఖలు. తర్వాత వెదురు పుల్లకి ఉన్ని చుట్టిన కలం. దాన్ని కసిం నీళ్ళలో ముంచారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కల్నీ బెల్లాన్నీ రోజుల తరబడి ఊరబెడితే వచ్చే నీళ్ళవి. చూడటానికి టీ రంగులో ఉంటాయి. బట్టని తాకగానే కరక్కాయతో కలిసి నల్లబడతాయి. చెరిపే వీల్లేదు. ఆయన ఉన్నిని వేళ్ళతో నొక్కుతూ రాముడి కనురెప్పని ఒక్క ఊపులో గీశారు. గీసేముందు ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది.

అదే రంగులతో మచిలీపట్నం వైపు అచ్చులతో పూలతీగలు వేస్తారు, గోల్కొండ కాలంలో పర్షియా మార్కెట్‌కి నచ్చినవి. ఇక్కడ పురాణ కథలు, అక్కడ తీగలు. దేనికి వాడతారన్న దాన్నిబట్టి బొమ్మ.

మీ ప్రశ్నకి జవాబంటే, ఆ ఊపిరి బిగపట్టడమే.

ఒక్క పూటే టైముంది. ఎక్కడికి వెళ్ళాలి, ఎలా చూడాలి?

రామప్పకి వెళ్ళండి, పొద్దున్నే. ముందు లోపలికి పోకండి. నక్షత్రం ఆకారపు అరుగు మీద కుడివైపుగా ఒక చుట్టు తిరగండి. గోడ కింద ఏనుగుల వరస మీతోపాటే నడుస్తుంది. చూరు కింద మదనికల్ని ఒక్కొక్కరినీ చూడండి. ఒకామె కాళ్ళకి ఎత్తుమడమల పాదరక్షలు కూడా ఉన్నాయి. రాతిని ఎక్కడా తట్టి చూడొద్దు, చాలామంది తట్టితట్టి కొన్ని అరిగిపోయాయి. తర్వాత నంది దగ్గరికి వెళ్ళి, ఆయన ఎటు చూస్తున్నాడో అటు చూడండి. అప్పుడు మెట్లెక్కి రంగమండపంలోకి. ఫోన్ జేబులో పెట్టేసి గడప దగ్గర నిలబడండి. ఓ నిమిషం ఏమీ కనపడదు, కంగారు పడకండి. పూజారిగారు దీపం ముట్టిస్తారు.